చప్పుడు చేయని మంద

ప్రియమైన వదినకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. ఖాయం చేసేశాను! మనిద్దరం ఆఫ్రికా వెళ్తున్నాం. సెలవు కాగితం మీద సంతకం పెడుతూ మా ఇంజనీరు, "ఒక్కదానివేనా?" అన్నాడు. "మా వదినతో," అన్నాను. "వదినా ఆడపడుచూ కలిసి అడవికా? మరి తిరిగొచ్చేది ఎవరు?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది, నేనూ నవ్వాను. సంతకం పడింది కదా, ఇంకేం కావాలి!

అక్కడ వానలు వెనకబట్టి, గడ్డి ఎండిపోయి, నీళ్ళు మిగిలిన చోటికే జంతువులన్నీ చేరే కాలం చూసి పెట్టాను. నీళ్ళెప్పుడు తగ్గుతాయో, ఎవరెక్కడికి చేరతారో ఆ మాత్రం తెలియకపోతే ఇన్నేళ్ళు ఈ డ్యాం మీద నీటిమట్టం కొలిచి ఏం లాభం?

మనం ఉండేది గుడారాల్లో. చుట్టూ కంచె ఉండదట. "కంచె నిజంగానే లేదా?" అని మళ్ళీ మళ్ళీ రాసి అడిగాను. "లేదు. దానికోసమే అందరూ వస్తారు," అని జవాబు వచ్చింది. చివరి మజిలీకి చిన్న విమానం. అందులో గట్టి పెట్టెలు పట్టవు, మెత్తటి సంచులే తెచ్చుకోవాలి. బట్టలు ఎండుగడ్డి రంగులో ఉండాలి. నల్లవీ నీలివీ వద్దు, అక్కడ ఒక రకం ఈగలు వెతుక్కుని మరీ ఆ రంగుల మీద వాలి కుడతాయట. కాబట్టి జాకెట్లు నువ్వే కుట్టాలి. నీ చేతిలో సూది ఉండగా కొనుక్కుంటే పాపం తగులుతుంది.

అన్నయ్యని కూడా రమ్మన్నాను. "సింహాన్ని చూడ్డానికి విమానం ఎందుకే? పొద్దున్నే కాఫీకి ముందు మీ వదినని పలకరిస్తే సరిపోతుంది," అన్నాడు. చదివి వినిపించు.

జంతువుల బొమ్మల కాగితాలు ఆ గుడారాలవాళ్ళు పంపించారు, నీకోసం జత చేస్తున్నాను. ఏది ఏదో ఇప్పటినుంచే గుర్తుపట్టడం నేర్చుకో. ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో నువ్వు నా పరీక్ష కాగితంలోకి చూసి రాసినట్టు అక్కడ కుదరదు.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు కనక,
నీ అర్ధమొగుడు

* * *

ప్రియమైన మరదలు పిల్లకి,

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. మర్నాడు పొద్దున కాఫీ ఇవ్వలేదు. స్కూలు వ్యాను తీసుకుని ముఖం వేలాడేసుకుని వెళ్ళాడు. సింహం అంటే ఏమిటో ఇప్పుడు తెలిసుంటుంది.

నిజంగా వెళ్తున్నామా? ఎన్నేళ్ళుగానో అనుకుంటూ ఉంటే అది మాటగానే ఉండిపోతుందనుకున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నా రఫూ దుకాణంలో పని సాగలేదు. బొమ్మలన్నీ నా బల్ల ఎదురుగా గోడకి అంటించాను. రఫూకి బట్టలు తెచ్చినవాళ్ళంతా, "ఏమ్మా, పిల్లల బడి పెట్టావా?" అని అడుగుతున్నారు.

ఒక తమాషా చెప్తాను. నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక పెద్దమనిషి ఉన్నికోటు మోచేతి దగ్గర చిల్లు పూడుస్తున్నాను. ఒక పోగు కింద నుంచి, ఒక పోగు పైనుంచి. మెడ నొప్పేసి తలెత్తాను. బల్లకి అవతల ఒక జింక నిలబడి ఉంది. గోడ మీది బొమ్మ గురించి కాదు నేను చెప్పేది. గోడకీ బల్లకీ మధ్య, మనుషులు నిలబడే చోట నిలబడి ఉంది. చెవి లోపలి లేత రంగు, ముక్కు మీద తడి, అన్నీ తెలుస్తున్నాయి. అది నన్ను చూడటం లేదు. తలుపు వైపు చూస్తోంది, ఎవరో రావాలన్నట్టు.

సూది కింద పెట్టాను. కదల్లేదు. గట్టిగా రెప్పవేసి తెరిచాను. లేదు.

బొమ్మలు మరీ ఎక్కువ చూస్తున్నానేమో! మీ అన్నయ్యకి చెప్తే టిక్కెట్టు లేకుండానే సఫారీ అయిపోయిందంటాడు. జాకెట్ల గుడ్డ తీసుకున్నాను. నీ కొలతలు పంపు, నిజం కొలతలు.

ప్రేమతో,
మీ వదిన

* * *

ప్రియమైన వదినకి,

జింక వచ్చిందా! బేరం ఆడకుండా వచ్చిన మొదటి మనిషి అదే అయ్యుంటుంది, కూర్చోమనాల్సింది.

నేను టౌనుకి వెళ్ళి టీకా వేయించుకున్నాను. దాని కాగితం లేకపోతే అక్కడ విమానాశ్రయంలోనే ఆపేస్తారట. ఆ డాక్టరు నీ పేరు కూడా రాసుకున్నాడు, ఎప్పుడు వస్తావో చెప్పు. బైనాక్యులర్స్ కూడా వచ్చాయి. డ్యాం గోడ మీద నిలబడి అవతలి గట్టు చూశాను. కొంగ ఒకటి కాలు మార్చుకుంది, అది కూడా కనపడింది! నీకు ఒక జత, నాకొకటి. ఇది నీకిస్తా, అది నాకివ్వు అని కొట్టుకోకుండా.

నా నిజం కొలతలు వెనకపక్క రాశాను. చదివి ఆ కాగితం చింపెయ్యి.

అవునుగానీ, నీ ఉత్తరంలో లైను మీద లైను ఎక్కింది. "మీ అన్నయ్య" మీద "ఉన్నికోటు" పడి, కాసేపు అన్నయ్య మోచేతికి చిల్లు పడిందనుకున్నాను. నిద్రమత్తులో రాశావా? మన క్లాసు మొత్తానికి ముత్యాల్లాంటి దస్తూరీ నీదే కదా.

నీ అర్ధమొగుడు

* * *

ప్రియమైన మరదలికి,

జవాబు ఆలస్యమైంది. నిద్రమత్తు కాదు. కళ్ళజోడు పాతదైపోయింది, దుకాణంలో దీపం కూడా మసకబారింది. దీపం మార్పించాను.

బొమ్మలు తీసేశాను. నవ్వకు. బొమ్మలవల్లే అయితే అవి తీసేస్తే పోవాలి కదా? పోలేదు.

జింక రోజూ వస్తోంది. తర్వాత చారల గుర్రాలు వచ్చాయి. మా మేడమెట్లు నీకు తెలుసు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఆ మెట్ల మీద మెట్టుకొకటిగా, తలలు వంచుకుని, డాక్టరు గది బయట వరసలో ఉన్నవాళ్ళలా నిలబడి ఉన్నాయి. ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని నేను కింద నిలబడిపోయాను. మీ అన్నయ్య పైనుంచి వాటి మధ్యలోంచే దిగి వచ్చాడు, "అక్కడే ఆగిపోయావేం?" అంటూ. ఒక్కటీ పక్కకి జరగలేదు. ఆయన భుజం ఒకదాని మెడలోంచి ఇటు వచ్చింది.

చప్పుడు ఉండదు. అన్ని గిట్టలు చెక్కమెట్ల మీద, ఒక్క చప్పుడు లేదు.

వంటగదిలో జిరాఫీ. మా పైకప్పు ఎంత తక్కువో! మెడ వంచి, దీపం పక్కనుంచి తల కిందికి దించి మీ అన్నయ్య కంచంలోకి చూస్తోంది. ఆయన "ఉప్పు తగ్గింది," అన్నాడు. ఉప్పు డబ్బా దాని ముందుకాళ్ళ మధ్యన ఉంది. నేను చెయ్యి పెట్టి తీసి ఇచ్చాను. ఏం చెయ్యను మరి? తింటున్న మనిషిని ఆగమంటానా?

ఈ మధ్య సూది బెజ్జం దొరక్క దారంతో కుస్తీ పడుతున్నదాన్ని, వాటి కనురెప్పల వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంట్లో ఉన్న ఏ వస్తువూ అంత తేటగా లేదు.

అవి నన్ను చూడవు. ఒళ్ళు జలదరించేది దానికే. తరిమితే బాగుణ్ణు, బెదిరితే బాగుణ్ణు. ఈ ఇల్లు వాళ్ళదైనట్టూ, మేమే అక్కడ లేనట్టూ నిలబడతాయి.

మా అమ్మ నీకు గుర్తుంది కదా. చివరి రోజుల్లో, "ఆ పిల్లల్ని గోడ దిగమనండే, పడిపోతారు," అని రోజంతా అరిచేది. గోడ మీద పిల్లలెవరూ లేరు. మతి పోయిందన్నారు. మాత్రలేసి పడుకోబెట్టేవాళ్ళం. ఇప్పుడు నా వంతు వచ్చింది, అంతే. అమ్మకి పిల్లలు, నాకు జంతువులు.

మీ అన్నయ్యకి చెప్పకు. నా మీద ఒట్టు.

వదిన

* * *

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం టపా జీపులో వచ్చింది. డ్యాం గోడ మీద గాలికి అది ఎగిరిపోకుండా మోకాలి కింద పెట్టుకుని రెండుసార్లు చదివాను. నవ్వులాటకి రాసిన మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

నీళ్ళు కొలవడానికి దిగేటప్పుడు ఇవాళ వెనక్కి తిరిగి చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. మెట్లు మామూలుగానే ఉన్నాయి. అయినా చూశాను. నీ భయం నాకు అంటుకుంది వదినా.

అన్నయ్య మా ఆఫీసుకి ఫోను చేశాడు. నేను నోరు విప్పలేదు, ఒట్టు ఒట్టే. తనే అన్నాడు: "నిన్న వ్యాను బాగుచేయించి దుకాణానికి వెళ్ళానే. గుమ్మంలో నిలబడ్డాను, పలకలేదు. మీ వదిన నన్ను నిండుగా చూసింది. చూసి, 'ఎవరండీ, ఏం కావాలి?' అంది. వేళాకోళం అనుకుని నవ్వాను. తను నవ్వలేదు. గొంతు వినగానే ఉలిక్కిపడి సూది గుచ్చుకుంది."

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని ఎవరండీ అన్నావా? అన్నయ్య ఫోనులో మామూలుగానే మాట్లాడాడు గానీ, పెట్టేసేముందు ఒక్క వేళాకోళమూ ఆడలేదు. అలాంటి ఫోను అన్నయ్య దగ్గర్నుంచి నాకెప్పుడూ రాలేదు.

నా దగ్గర ఇంకేం దాస్తున్నావు? చెప్పు. ప్రయాణం సంగతి తర్వాత.

నీ
ఆడపడుచు

* * *

మరదలికి,

చెప్తాను. అడిగావు కాబట్టి.

మీ అన్నయ్యకి మొహం లేదు.

జుట్టు ఉంది. చెవులున్నాయి. చొక్కా కాలరు ఉంది. మధ్యలో, మొహం ఉండాల్సిన చోట, పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు ఉంది. గొంతు ఆయనదే. అద్దంలో చూసుకుంటే నాకూ అంతే. వీధిలో వచ్చేపోయే వాళ్ళందరికీ అంతే. జంతువులకి మాత్రం మొహాలున్నాయి.

ఆ ఉన్నికోటు పెద్దమనిషి కోటు తిప్పి తెచ్చాడు. కోపం కూడా చెయ్యలేదు పాపం. "అమ్మా, చిల్లు పక్కన రఫూ చేశారు. చిల్లు అలాగే ఉంది," అన్నాడు. వేలితో తడిమి చూశాను. నిజమే. బాగున్న గుడ్డ మీద ఎంతో నేర్పుగా కుట్టాను.

అవి ఎదురైతే ఇప్పుడు ఆగడం మానేశాను. వాటిలోంచి నడవడం నేర్చుకున్నాను. ఏమీ తగలదు, చల్లగానైనా ఉండదు. మొన్న సందు మొగలో అడవిదున్న నిలబడి ఉంది. నడిచాను. అది దున్న కాదు, ఆగి ఉన్న కూరగాయల బండి. భుజం వాచింది. మీ అన్నయ్యతో గుమ్మం తగిలిందన్నాను.

నన్ను ఆఫ్రికా తీసుకెళ్ళకు. అక్కడ నిజమైనవి ఉంటాయి.

వదిన

* * *

ప్రియమైన వదినకి,

ముందు ఒక మాట. ఒట్టు తీసి గట్టున పెట్టాను. అన్నయ్యకి ఫోను చేసి మొత్తం చెప్పేశాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి వ్యాను గుమ్మం ముందు ఉండాలి. తిట్టాలనుకుంటే దారిలో తిట్టుకో. ఇప్పుడు ఎందుకు చెప్పానో విను.

మలేరియా మాత్రలు రాయించుకోవడానికి టౌనులో ఆ టీకా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఇద్దరన్నారుగా, రెండో ఆవిడ ఏరి?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే జింక, మెట్లు, జిరాఫీ, అన్నయ్య మొహం, అన్నీ చెప్పాను. పిచ్చాసుపత్రి పేరు చెప్తాడని ఎదురుచూస్తున్నాను. ఆయన అడిగిందేమిటో తెలుసా?

"ఆవిడ ఏం పని చేస్తారు?"

"రఫూ పని."

"ఈ మధ్య సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారా?"

నేను జంతువుల కథ చెప్తుంటే ఈయన సూదీదారం అడుగుతాడేమిటి అనుకున్నాను. మసకబారిన దీపం, లైను మీద లైను ఎక్కడం, చిల్లు పక్కన రఫూ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అన్నీ నీ ఉత్తరాల్లోనే ఉన్నాయి. నువ్వూ నేనూ జంతువుల్ని చూస్తూ కూర్చున్నాం, వాటిని చూస్తున్న కళ్ళని ఇద్దరిలో ఒక్కరమూ పట్టించుకోలేదు.

"మతి సంగతి తర్వాత చూద్దాం. ముందు కళ్ళు చూపించండి," అన్నాడు. "కన్ను చూపించడం మానేసిన చోటుని మెదడు ఖాళీగా ఉంచదమ్మా. తనకి తోచిన బొమ్మ తెచ్చి పెడుతుంది. నేను కళ్ళ డాక్టర్ని కాను, కానీ ఇలాంటివాళ్ళని చూశాను."

నిన్ను ఒక కన్ను మూసుకుని కిటికీ ఊచలవైపు చూడమన్నాడు. తిన్నగా ఉన్నాయో వంగి ఉన్నాయో చూసుకోమన్నాడు. చూశావా? చూసి, వ్యాను ఎక్కు.

ఒట్టు తప్పిన,
నీ అర్ధమొగుడు

* * *

ప్రియమైన మరదలు పిల్లకి,

లైన్లు తిన్నగా ఉన్నాయా? మీ అన్నయ్య అట్టముక్కకి అడ్డంగా గాట్లు కోసి ఇచ్చాడు. గాటులో రాసుకుంటూ పోతే ఒకదాని మీద ఒకటి ఎక్కవట.

ఊచలు నడుము దగ్గర వంగి ఉన్నాయి. అన్నీ, ఒకే వైపుకి.

కళ్ళ డాక్టరు చిన్నపిల్ల. కంట్లో దీపం వేసి చాలాసేపు చూసింది. కంటి వెనక పొర మధ్యలో పాడైపోయిందట, రెండు కళ్ళకీ. చుట్టూ అంచులు బాగున్నాయి. మొహాలూ అక్షరాలూ సూదిబెజ్జాలూ చూసేది ఆ మధ్య భాగమే. కంట్లోకి సూదులు వేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది, పోయింది రాదు. ఇన్నేళ్ళు గుడ్డకి సూదులు గుచ్చినందుకు ఇప్పుడు నాకు గుచ్చుతున్నారు.

తర్వాత, "లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా ఆంటీ?" అని అడిగింది. నేను "అబ్బే," అన్నాను. మీ అన్నయ్య పక్కనుంచి, "చెప్పు," అన్నాడు. "జిరాఫీ," అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "చప్పుడు చేస్తుందా? తగులుతుందా?" అంది. లేదన్నాను. "చెయ్యవు, తగలవు కూడా. అవి మీ కంటివి, మతివి కావు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకెవరికైనా ఇలా ఉండేదా?"

అక్కడ ఏడవలేదు. వసారాలోకి వచ్చాక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. మా అమ్మకి మతి పోలేదే. కళ్ళు పోయాయి. ఆ పిల్లలు పడిపోతారని అంత అల్లాడిపోయిందే, "దించేశాం అమ్మా, ఆడుకుంటున్నారు," అని ఒక్కరం అనలేదు.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "డాక్టరమ్మ చెప్పిందిగా. నన్ను చూడకు. నా చెవిని చూడు," అన్నాడు. చెవిని చూశాను. పక్కనుంచి మొహం వచ్చింది. మసకగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు. ఎన్నాళ్ళకో చూశాను. ముసలాడైపోయాడే.

జంతువులు ఇంకా వస్తున్నాయి. ఎందుకో తెలిసింది కాబట్టి భయం తగ్గింది. కానీ సఫారీ రద్దు చెయ్యి. చూడలేనిదాన్ని అంత దూరం మోసుకెళ్ళి ఏం చేస్తావు?

ప్రేమతో,
వదిన

* * *

ప్రియమైన వదినకి,

రద్దు చెయ్యను.

పక్కచూపులు చూడొద్దని చిన్నప్పుడు మనిద్దర్నీ ఎన్ని తిట్లు తిట్టారు! ఇప్పుడు డాక్టరే చూడమన్నాక మనకి అడ్డేముంది? ఏనుగు సూదిబెజ్జం అంత ఉండదు. నువ్వు చెట్టుని చూడు, ఏనుగు దానంతట అదే పక్కకి వస్తుంది.

ఏది ఉన్నదో ఏది లేనిదో నాకొదిలెయ్యి. నువ్వు "ఉందా?" అను. నేను "ఉంది" అనో "లేదు" అనో అంటాను. జీపులో కూర్చుని రోజంతా ఆ ఒక్క మాటే అడిగినా విసుక్కోను.

జాకెట్లు ఇక్కడ కుట్టించాను. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. చూస్తే నీ ప్రాణం పోయేది. నీ అదృష్టం కొద్దీ సరిగ్గా కనపడవు. సంచి సర్దుకో. టీకా కాగితం అన్నయ్య దగ్గర పెట్టకు, వ్యానులో పారేసుకుంటాడు.

నీ అర్ధమొగుడు

* * *

ప్రియమైన మరదలు పిల్లకి,

తిరిగి వచ్చాక ఇదే మొదటి ఉత్తరం. నువ్వు డ్యాం చేరుకున్నావు, నేను దుకాణం చేరుకున్నాను. సన్న రఫూ మానేశాను. బొత్తాలు, అంచులు, వేలికి తెలిసే పని చేస్తున్నాను. వచ్చినవాళ్ళందరికీ సఫారీ కబుర్లు చెప్తున్నాను, కొందరు బొత్తాలు మర్చిపోయి వెళ్తున్నారు.

ఎంత చూశానే! జీపు ఆపినప్పుడు సింహం గురక వినిపించిందే, అది ఇప్పటికీ చెవిలో ఉంది. చప్పుడు చేసే జంతువుని చూడటం ఎంత హాయి! "ఉందా?" అంటే "ఉంది!" అని నువ్వు గుసగుసగా అరిచిన అరుపులు, వాటికి డ్రైవరు నవ్విన నవ్వు, అన్నీ మూటగట్టి తెచ్చుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. ఇంక దాయలేను.

తిరుగు ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం. ఎండకి అందరూ గుడారాల్లో పడుకున్నారు. నువ్వూ పడుకున్నావు. ఒంటరిగా గుడారం దాటొద్దని వాళ్ళు పదే పదే చెప్పారు కదా. నేను దాటలేదు, ముందున్న కుర్చీలో కూర్చున్నాను, అంతే. నా ఎదురుగా ఉత్త నేల, అటు చివర ముళ్ళచెట్టు, నా కుడిపక్క వాగు.

నేల మీద పక్షులు వచ్చాయి. పొడుగుకాళ్ళవి, బూడిద రంగువి, చిన్నపిల్లలంత ఎత్తు. ఇంటి దగ్గర ఎప్పుడూ రాలేదు. అక్కడికి చేరిన రోజునుంచి వస్తూనే ఉన్నాయి. వచ్చిన రోజే నిన్ను "ఉందా?" అని అడిగాను, నువ్వు "లేదు," అన్నావు. ఇక వాటి గురించి అడగలేదు. ఆ మధ్యాహ్నం నా కుర్చీ దగ్గరనుంచి చెట్టు వైపు, వాగుకి వెళ్ళే దారికి అడ్డంగా, గుంపుగా నిలబడ్డాయి.

వాటి వెనక ఏనుగు.

ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆకు కదల్లేదు, పుల్ల విరగలేదు. చప్పుడు లేదు కాబట్టి నాదే అనుకున్నాను. అయినా మనసులో ఓ మూల అనుమానం. నిన్ను లేపి అడగొచ్చు. అడగాలనిపించలేదు. ఉందో లేదో ఒకరిని అడుగుతూ ఎన్నాళ్ళు బతకను?

లేచి నడిచాను. పక్షుల్లోంచి నడిచాను, ఏమీ తగల్లేదు. అదే నడకన ఏనుగులోకి నడిచాను.

చెయ్యి ఆగిపోయింది.

బెరడులా ఉంది. వెచ్చగా ఉంది. బట్టల బ్రష్షు పళ్ళలా గరుకు వెంట్రుకలు. ఆ చర్మం కింద ఏదో నెమ్మదిగా లోపలికీ బయటికీ పోతోంది, ఊపిరి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ళు మూసుకున్నాను. నమిలిన ఆకుల వాసన మీదికి వచ్చింది. తొండం కొస నా మెడ మీద, తర్వాత నుదుటి మీద, తర్వాత కళ్ళ మీద. ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద. కళ్ళ దగ్గర చాలాసేపు ఆగింది. తడిగా, ఒత్తకుండా. కళ్ళ డాక్టరు కూడా అంత మెల్లగా ముట్టుకోలేదు.

తెరిచేసరికి ఏనుగు లేదు. ఎటు వెళ్ళిందో నాకు తెలియదు. పక్షులు మాత్రం నిలబడ్డచోటే ఉన్నాయి. కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. నువ్వు లేచి వచ్చి టీ అడిగావు. "ఏమైనా వచ్చాయా?" అన్నావు. "లేదు," అన్నాను.

తిట్టు, పడతాను. మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. ఈసారి ఒట్టు పెట్టను, పెట్టినా నువ్వు ఆగవు.

ప్రేమతో,
వదిన

* * *

ప్రియమైన వదినకి,

ఈ ఉత్తరం అన్నయ్య చేత చదివించుకోకు. అందుకే పేజీకి నాలుగేసి లైన్లు, ఇంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కవరు లావు చూసి టపా జీపువాడు, "ఏమ్మా, ఆస్తి రాసిస్తున్నారా?" అన్నాడు. అంచులతో చూసి, నిదానంగా చదువుకో.

ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు.

గుడారం దోమతెరలోంచి అంతా చూశాను. నువ్వు లేచావు. కాళ్ళు సాగదీసుకోవడానికేమో అనుకున్నాను. ముళ్ళచెట్టు పక్కనున్న బూడిద రంగు కదిలింది, అప్పుడు తెలిసింది అది ఏనుగని. డ్రైవరు చెప్పిన మాట గుర్తుంది, ఏనుగు దగ్గర అరిస్తే మీదికి వస్తుందని. దిండు కొస నోట్లో కుక్కుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ దిండు నోట్లోనే ఉన్నట్టుంది. ఎదురుగా నువ్వు "లేదు," అన్నావు చూడు, అప్పుడు నేనేం అనగలను? నువ్వు చెప్పేదాకా ఊరుకుందామనుకున్నాను.

నువ్వు చూడనిది నేను చూశాను. నీ ఉత్తరం వచ్చేదాకా అదేమిటో నాకు అర్థం కాలేదు.

నువ్వు కళ్ళు మూసుకుని ఉండగా ఏనుగు నిన్ను వదిలి వాగు వైపు తిరిగింది. ఎదురుగా ఉత్త నేల. బండ లేదు, పొద లేదు, చీమ కూడా లేదు. నేను తెరకి కళ్ళు అతికించుకుని చూస్తున్నాను వదినా, అక్కడ ఏమీ లేదు. తిన్నగా వెళ్తే వాగు.

వెళ్ళలేదు. ముందుకాలు ఎత్తి, దించబోయి, ఆగింది. ఆ కాలు గాల్లోనే ఉంచి కిందికి చూసింది. తొండం లోపలికి ముడుచుకుంది. ఎత్తిన కాలు వెనక్కే పెట్టుకుని పక్కకి తిరిగింది. తర్వాత ఆ ఉత్త నేల చుట్టూ, దూరంగా, అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగి వెళ్ళింది. మన వీధిలో చిన్నపిల్లలు దారికి అడ్డంగా కూర్చుని ఆడుకుంటుంటే వాళ్ళ మీద అడుగు పడకుండా పెద్దవాళ్ళం ఎలా వెళ్తాం? అచ్చం అలా.

పక్షుల సంగతి నువ్వు రాశావు. కుర్చీ దగ్గరనుంచి చెట్టు వైపు, వాగు దారికి అడ్డంగా అని రాశావు. ఏనుగు అడుగు పెట్టకుండా చుట్టి వెళ్ళింది ఆ చోటే.

డాక్టర్లు చెప్పింది అబద్ధమని నేననను. సూదులు మానకు. నీ కళ్ళు నిలవాలి. కానీ జీపులో నువ్వు అడిగినప్పుడల్లా ఎంత ధీమాగా "లేదు, లేదు," అన్నానో! పందెం కట్టినట్టు అన్నాను. ఇవాళ నీటిమట్టం చూడ్డానికి దిగుతుంటే ఆ లేదన్నవన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆదివారం వస్తున్నాను. అన్నయ్యకి ఊరికే వస్తున్నానని చెప్పు. నేను గుమ్మంలోకి రాగానే లోపలికి రమ్మనకు. ఏది ఎక్కడ నిలబడి ఉందో ముందు చెప్పు. అన్నయ్యలాగా వాటి మెడల్లోంచి నడిచి రాలేను. చుట్టూ తిరిగి వస్తాను.

నీ
ఆడపడుచు